జమ్మి, ఖేజ్డీ, గాఫ్: ఒకే చెట్టు మీద నాలుగు ఉత్తరాలు

దసరా వెళ్లి మూడు వారాలైంది, జమ్మి మీద ఉత్తరాలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి అడిగారనుకుంటాను. నాకు మాత్రం ఈ చెట్టు పుస్తకంలో కంటే ముందు జోధ్‌పూర్‌లో మా ఇంటి వెనక పరిచయమైంది. మావారి ఉద్యోగం వల్ల 1984 నుంచి నాలుగేళ్లు అక్కడ కాపురం ఉన్నాం.

ప్రశ్న: అమ్మా, మా ఆయన పదకొండేళ్లుగా షార్జాలో పని చేస్తున్నారు. మొన్న దసరా రోజు వీడియో కాల్‌లో ఇసుకలో ఉన్న ఒక చెట్టు చూపించి, "ఇది మన జమ్మే, ఇక్కడ గాఫ్ అంటారు, ఇది వీళ్ల జాతీయ వృక్షం" అన్నారు. ఆయనా, ఇంకో ఇద్దరు దోస్తులూ ఆ చెట్టు కింద రాలిన ఆకు ఏరుకొని ఒకరికొకరు బంగారం ఇచ్చుకున్నారట. మా అత్తమ్మేమో "ఎడారిలో జమ్మి ఎక్కడిది, ఏదో తుమ్మ అయ్యుంటది" అంటోంది. ఎవరి మాట నిజం?
– ఎల్., జగిత్యాల జిల్లా

జవాబు: గాఫ్ అంటే జమ్మే, చెల్లీ. అందులో అనుమానం లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2008లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2019ని వాళ్లు సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు దాని లోగోలో ఉన్నదీ ఈ చెట్టే. రాజస్థాన్‌లో ఇదే ఖేజ్డీ, 1983 నుంచి ఆ రాష్ట్ర వృక్షం. మన తెలంగాణ 2014 నవంబరులో జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. కన్నడిగులు దీన్ని బన్ని అంటారు, తమిళులు వన్ని, పంజాబీలు జండ్, సింధీలు కండీ. శాస్త్రం దీనికి పెట్టిన పేరు ప్రొసోపిస్ సినరేరియా. సినరేరియా అంటే బూడిద రంగుది అని అర్థం. ఆకును కొంచెం దూరం నుంచి చూస్తే ఆ రంగు కనిపిస్తుంది.

అయితే మీ అత్తమ్మ అనుమానాన్ని కొట్టిపారేయకండి. మన సర్కారు తుమ్మ ఆ దేశంలో కూడా బాగా పాకింది. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక లేత కొమ్మను దగ్గరగా చూపించమనండి. ఆకు కాడ మొదలయ్యే గణుపు దగ్గర రెండేసి పొడుగాటి ముళ్లు జంటగా ఉంటే అది సర్కారు తుమ్మ. ముళ్లు చిన్నవిగా, మొదట్లో లావుగా ఉండి, గణుపులతో పని లేకుండా కొమ్మ పొడవునా అక్కడక్కడా ఉంటే అది జమ్మి. మా విద్యార్థులకు నేను మొదట నేర్పేది ఇదే. ఆకు చూసి మోసపోవచ్చు, ముల్లు చూసి మోసపోరు.

ఎడారిలో ఎలా బతుకుతుందన్న అత్తమ్మ ప్రశ్నకు జవాబు వేరులో ఉంది. జమ్మి తల్లివేరు 30 మీటర్ల దాకా దిగుతుందని చెబుతారు. అంటే పది అంతస్తుల మేడ ఎత్తంత లోతు. పైన ఇసుక కాలిపోతున్నా అది కిందున్న తడి తాగుతుంది. అందుకే వేసవిలో, వాన చినుకు కూడా పడకముందే, కొత్త ఆకు తొడుగుతుంది. నేను జోధ్‌పూర్‌లో మొదటి మే నెల చూసినప్పుడు 45 డిగ్రీల ఎండలో చుట్టూ ఏ పచ్చదనమూ లేదు. ఖేజ్డీ ఒక్కటే లేతాకుపచ్చగా ఉంది. ఎవరో నీళ్లు పోస్తున్నారేమో అనుకున్నాను. బహ్రెయిన్‌లోనైతే చుట్టూ మరే చెట్టూ లేని ఇసుక దిబ్బ మీద ఒక్క జమ్మి నాలుగు వందల ఏళ్లకు పైగా నిలబడి ఉంది. వాళ్లు దాన్ని జీవవృక్షం అని పిలుచుకుంటారు, దేశదేశాల నుంచి జనం వచ్చి చూసి వెళ్తారు.

గాఫ్ కింద బెదూయిన్లు, అంటే ఎడారిలో తిరిగే సంచార అరబ్బులు, పంచాయతీలు పెట్టుకునేవారు, బండ్లూ రోడ్లూ లేని రోజుల్లో దాని నీడలోనే మజిలీ చేసేవారు. ఒంటెలు, మేకలు అందినంత మేర ఆకు తినేయడంతో చెట్టు అడుగుభాగం కత్తెరతో సమంగా కత్తిరించినట్టు కనిపిస్తుంది. మీ ఆయన్ను అడగండి, చూసే ఉంటారు. అక్కడ అనుమతి లేకుండా గాఫ్ నరకడం నేరం. మీవాళ్లు రాలిన ఆకు ఏరుకున్నారు, కొమ్మ విరవలేదు. చాలా మంచి పని చేశారు. ఊరికి దూరంగా ఉన్న ముగ్గురు మనుషులు పండుగ పూట వాళ్ల చెట్టును అక్కడ వెతికి పట్టుకున్నారని చదివినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ప్రశ్న: మేడమ్, రాష్ట్ర వృక్షం అంటే నిండుగా పూసేదో, పెద్ద మర్రిలాంటిదో ఉండాలి కదా? ముళ్ల చెట్టును ఎందుకు ఎంచుకున్నారు? ఎడారిలో పెరగడమే గొప్ప అయితే సర్కారు తుమ్మ ఇంకా బాగా పెరుగుతుంది. మా దగ్గర ఎక్కడ చూసినా అదే.
– డిగ్రీ విద్యార్థి, కడప జిల్లా

జవాబు: నాయనా, నువ్వు ఊరికే అడిగావో, తెలిసే అడిగావో గానీ ఆ పని నిజంగానే ఒక సంస్థానం చేసింది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం సర్కారు తుమ్మను రాజవృక్షంగా ప్రకటించి, ప్రజలంతా కాపాడాలని చెప్పింది. అక్కడ దాన్ని విలాయతీ బబూల్ అంటారు, అంటే సీమ తుమ్మ. ఆ రోజుల్లో వాళ్ల బాధ నిజమైనదే. ఇసుక ఊళ్ల మీదికి కొట్టుకొస్తోంది, వంటచెరకు లేదు. త్వరగా పెరిగే చెట్టు కావాలి. ఇది పెరిగింది. పెరిగి పశువులు మేసే బీళ్లు మింగింది, చెరువు కట్టలు మింగింది, కింద గడ్డి మొలవనివ్వలేదు. నలభై మూడేళ్ల తర్వాత అదే నేల మీద రాష్ట్ర వృక్షంగా ఖేజ్డీ పేరు వచ్చింది. పరాయి చెట్టుకు ఒకసారి ఆ పీట వేసి చూశాక సొంత చెట్టు దగ్గరికి వచ్చారని నేను అర్థం చేసుకున్నాను.

ఈ కథ మొదలైంది మీ జిల్లాలోనే. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఈ తుమ్మ విత్తనాలు కావాలని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కమలాపురంలో నాటారు. మీ ఊరి చుట్టూ నువ్వు చూస్తున్న కంపకు ఆ విత్తనాలే పూర్వీకులు కావచ్చు.

ఇక అందం మాట. రాజస్థాన్ రాష్ట్ర పుష్పం రోహిడా. ఎడారి చెట్టే అది కూడా. చలికాలం చివర ఆకుల కంటే ఎక్కువగా పసుపు, నారింజ, ఎరుపు గంటల్లాంటి పూలు పూస్తుంది. కళ్లకు పండుగ కావాలంటే అది ఉంది. ఖేజ్డీని ఎంచుకున్నది కడుపు కోసం.

మా ఇంటి వెనక ఉండే ఆమెను అందరూ కాకీసా అనేవారు. మార్వాడీలో పిన్నికి గౌరవంగా 'సా' చేర్చి పిలుస్తారు. ఓసియాఁ వైపు పల్లె నుంచి వచ్చి పట్నంలో కొడుకు దగ్గర ఉండేది. రాష్ట్ర వృక్షం ప్రకటన వచ్చి అప్పటికి ఏడాది దాటిందేమో. నేను పేపర్లో చదివింది గొప్పగా చెబితే ఆమె కాసేపు ఆలోచించి, "మరి ఇన్నాళ్లూ ఏ చెట్టు ఉండేది?" అని అడిగింది. ఆమెకు ఇంకో చెట్టు ఉండే అవకాశమే తోచలేదు.

ఆమె దగ్గరే సాంగ్రి కూర నేర్చుకున్నాను. వేసవి మొదట్లో పచ్చికాయలు సన్నగా, మన గోరుచిక్కుడు కంటే సన్నగా, గుత్తులుగా వేలాడతాయి. వాటిని ముదరకముందే కోసి, ఉడకబెట్టి ఎండబెడతారు. అదే సాంగ్రి. ఎండాక నల్లగా ముడతలు పడి పుల్లల్లా అయిపోతుంది, ఏళ్లు నిల్వ ఉంటుంది. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి నీళ్లు వంపేసి, కేర్ అనే చిన్న పుల్లని కాయలతో కలిపి, ఆవనూనెలో ఎండుమిరప, ఆమ్‌చూర్ వేసి వేయించాలి. మొదటిసారి నేను నానబెట్టకుండా వండాను. కాకీసా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా గిన్నె తీసుకెళ్లి రెండో రోజు తన ఇంట్లో నానబెట్టి తిరిగి వండి తెచ్చింది. పెళ్లిళ్లలో కేర్ సాంగ్రి లేకపోతే భోజనం పెట్టినట్టే కాదు అక్కడ. చెట్టు మీదే పండి ఎండిన కాయ ఖోఖా. తియ్యగా ఉంటుంది, పిల్లలు జేబుల్లో వేసుకుని తిరిగేవారు.

ఆకు పేరు లూంగ్. చలికాలంలో మగవాళ్లు చెట్టెక్కి గొడ్డలితో కొమ్మలు కొట్టి దించుతారు. ఎండాక కర్రతో బాదితే ఆకు రాలుతుంది, కొమ్మలు కంచెకు, పొయ్యికి. ఆ ఆకు మేకలకు, ఒంటెలకు ఎండాకాలం దాకా మేత. ఒక ఖేజ్డీ, ఒక మేక, ఒక ఒంటె ఉంటే కరువు దాటొచ్చని అక్కడ పెద్దలు అంటారు. 1868-69 కరువులో తిండి లేక దీని బెరడు దంచి పిండి చేసుకుని తిని బతికారు. కాకీసా అత్తగారికి వాళ్ల అమ్మమ్మ చెప్పిందట ఆ రుచి గురించి, చేదు అని.

పైగా ఇది పొలం మధ్యలో ఉన్నా పంటను పాడు చేయదు. వేరు నిటారుగా దిగుతుంది కాబట్టి పైమట్టిలో పంటతో పోటీ పడదు, నేలకు నత్రజని ఇస్తుంది, ఆకు పలుచన కాబట్టి ఎండ కిందికి దిగుతుంది. సజ్జ, పెసర దీని కింద ఏపుగా ఉండటం నేను కళ్లారా చూశాను. చేను మధ్యలో చెట్టు ఉంటే కొట్టేసే రైతును మన దగ్గర చూశాను గానీ, అక్కడ ఖేజ్డీ చుట్టూ నాగలి తిప్పుకుని వెళ్లే రైతునే చూశాను.

ఒక ప్రాంతానికి చెట్టును ఎంచుకోవాలంటే నేను చూసేది ఇది. అక్కడి ముసలమ్మను అడిగితే దాని కాయకో పేరు, ఆకుకో పేరు, ఎండిన కాయకో పేరు చెప్పగలగాలి. సర్కారు తుమ్మకు మనం పెట్టింది ఒక్కటే పేరు, అందులోనూ సర్కారు వచ్చి కూర్చుంది.

ప్రశ్న: 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షం అన్నారు, సంతోషించాం. మా ఊరి జమ్మి మాత్రం మూడేళ్ల కింద నిలువునా ఎండిపోయింది. ఇప్పుడు దసరాకు పక్క ఊరి నుంచి కొమ్మ తెచ్చి మైదానంలో పాతి పూజ చేస్తున్నాం. ప్రకటన వల్ల చెట్టుకు ఒరిగిందేమిటి?
– రిటైర్డ్ టీచర్, నారాయణపేట జిల్లా

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మా ఊళ్లోనూ ఇదే జరిగింది.

మా ఊరి గుడి పక్క జమ్మి మా తాత చిన్నప్పటికే పెద్ద చెట్టు. పదేళ్ల కింద ఎవరో దాత మంచి మనసుతో దాని చుట్టూ గద్దె కట్టించారు. సిమెంటు, దాని మీద గ్రానైట్ పలకలు, మొదలుకు జానెడు జాగా కూడా వదల్లేదు. ప్రారంభానికి నన్నూ పిలిచారు. మొదలు చుట్టూ మట్టి వదలమని ఆ రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది, పెద్దల ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. ఇక దసరా సాయంత్రం కుర్రాళ్లు కొడవళ్లతో ఎక్కి అందిన కొమ్మల్లా కొట్టేవారు. బంగారానికి కావలసింది గుప్పెడు ఆకు, నేల మీద పడేది బండెడు. నాలుగో ఏడాది పైకొమ్మలు ఎండాయి, ఆరో ఏడాదికి చెట్టే పోయింది. గద్దె మాత్రం చెక్కుచెదరలేదు.

రాజస్థాన్‌లోనూ ఖేజ్డీలు పోతున్నాయి. ఒంటె నాగలి రోజుల్లో మొలకను తప్పించి దున్నేవారు. ట్రాక్టర్ వచ్చాక మొలక బతకడం లేదు, పెద్ద చెట్ల పక్కవేర్లు తెగుతున్నాయి. బోర్ల వల్ల నీరు ఇంకా కిందికి పోయింది. నీరసించిన చెట్టుకు వేరు తొలిచే పురుగు, వేరు కుళ్లు తెగులు తగులుతున్నాయి. ఇవి చాలవన్నట్టు ఇటీవలి ఏళ్లలో బికానేర్, జోధ్‌పూర్ వైపు సోలార్ ప్లాంట్ల కోసం వేల ఎకరాలు చదును చేస్తూ ఖేజ్డీలు నరుకుతున్నారని ఊళ్లకు ఊళ్లు ధర్నాలు చేశాయి. సూర్యుడి కరెంటు కావాలి, నేను కాదనను. కానీ ఎడారిలో ఖాళీ జాగా అని కాగితంలో రాసిన చోట నిజానికి చెట్లున్నాయి. రాష్ట్ర వృక్షాన్ని అనుమతి లేకుండా నరికితే అక్కడి 1955 నాటి కౌలు చట్టం మొదటిసారికి వేసే జరిమానా ఎన్నో ఏళ్ల పాటు 100 రూపాయలే ఉండేది. కిలో సాంగ్రి కూడా రాదు ఆ డబ్బుకి.

ఇదంతా జరుగుతున్నది ఖేజడ్లీ ఉన్న నేల మీద. జోధ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆ పల్లెకు నేను 1986లో వెళ్లాను. 1730లో మహారాజు అభయ్ సింగ్ కోట పని కోసం సున్నం బట్టీలకు కట్టెలు కావాలని మనుషులు గొడ్డళ్లతో వచ్చారు. అమృతాదేవి అనే బిష్ణోయి ఇల్లాలు చెట్టును కావలించుకుని నిలబడింది. తల తెగినా చెట్టు మిగిలితే చవకే అందని అక్కడ ఈ రోజుకీ చెప్పుకుంటారు. ఆమెను, ఆ తర్వాత ఆమె ముగ్గురు కూతుళ్లను, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి ఒక్కో చెట్టును పట్టుకున్న వాళ్లను, మొత్తం 363 మందిని చంపాక రాజు నరకడం ఆపించాడు. బిష్ణోయిలకు వాళ్ల శాఖను స్థాపించిన గురువు జంభోజీ చెప్పిన 29 నియమాల్లో పచ్చని చెట్టు కొట్టొద్దన్నది ఒకటి. నేను వెళ్లిన రోజు అక్కడ ఎవరూ లేరు. ఒక ముసలాయన చెట్ల కింద ఊడుస్తున్నాడు. నీళ్లిచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే హైదరాబాద్ వైపు అన్నాను. మీ దగ్గర ఖేజ్డీ ఉంటుందా అన్నాడు. ఉంటుంది, దసరాకు పూజ చేస్తాం, ఆకు తెంపి బంగారంలా పంచుకుంటాం అని చెప్పాను. ఆయన "తెంపి?" అని అడిగి ఊడవడం ఆపి నా వైపు చూశాడు. ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కాబట్టి మాస్టారూ, ప్రకటన వల్ల ఒరిగింది ఒకటే. ఇప్పుడు మీరు పంచాయతీలో నిలబడి "ఇది రాష్ట్ర వృక్షం" అని అడగగలరు. ఆ మాట వాడుకోండి. గద్దె ఉన్న చోట మొదలు చుట్టూ కనీసం రెండు గజాల మట్టి తెరవమనండి. పండుగకు ఊరి పెద్ద ఒకరు, ఇద్దరు పిల్లలు మాత్రమే ఆకు కోసి పళ్లెంలో పంచేలా చేయండి. మేత కోసం కొట్టేటప్పుడు కూడా పైన మూడో వంతు కొమ్మలు వదలమని జోధ్‌పూర్‌లోని కేంద్ర ఎడారి పరిశోధన సంస్థ వాళ్లు రైతులకు చెబుతుంటారు. మనకు మేత అవసరం కూడా లేదు. కొత్త మొక్క పెట్టాలంటే కింది జవాబు చూడండి.

ప్రశ్న: నర్సరీలో శమీ మొక్క అని 350 రూపాయలకు కొన్నాను. ఇప్పుడు గులాబీ, పసుపు రెండు రంగుల కుచ్చు పూసింది. జమ్మి ఇలా పూస్తుందా?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: పూయదమ్మా. జమ్మి పువ్వు లేత పసుపు సన్నని కంకి, రెండు రంగులుండవు. మీకు ఇచ్చింది వెల్తురు చెట్టు అయ్యుంటుంది, చాలా చోట్ల దాన్నే శమీ అని అమ్ముతున్నారు. అది కూడా మన దేశపు మొక్కే, పారేయకండి. కానీ జమ్మి కావాలంటే విత్తనం నుంచి మీరే పెంచుకోవడం మేలు.

వేసవిలో తెలిసిన జమ్మి కింద ఎండు కాయలు ఏరండి. గింజ తొక్క గట్టిది, అందుకని పొయ్యి మీంచి దించిన వేడి నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి ఉబ్బినవి విత్తండి. చిన్న కవరు వద్దు, మోచేతి పొడుగుండే సంచి కావాలి. ఆకు బెత్తెడు లేచేసరికి వేరు అడుగు తాకి చుట్టుకుపోతుంది, అలా చుట్టుకున్న వేరు తర్వాత నిటారుగా దిగదు. ఇసుక కలిపిన మట్టి చాలు, రోజూ నీళ్లు పోయొద్దు. మొదటి వానలకే నేలలో పెట్టేయండి. కుండీలో ఉంచుకోవాలని మాత్రం ఆశపడకండి. మొదటి రెండేళ్లు అసలు పెరగనట్టే ఉంటుంది, విసుగొచ్చి పీకేస్తారేమోనని ముందే చెబుతున్నాను. ఆ రెండేళ్లూ అది కిందికి పెరుగుతుంది.